కాలిన గాజు బెండ్లు

కొత్త బెండ్లు ఎక్కించుకోడానికి ఖాళీగా రావలసిన, మంచు మీద లాగే బండి, నిండుగా వచ్చింది.

ఇసో చేతిలో తాడు ఆగలేదు. సగంలో తల ఎత్తితే ముడి వదులవుతుంది. వలను తేల్చే గాజు బెండును మోకాళ్ల మధ్య ఇరికించి, తడి గడ్డి తాడు దాని చుట్టూ తిప్పి, ముడి బిగించి, కొస పంటితో లాగి, అప్పుడు చూసింది. వాకిట్లో గుర్రం ఆవిరి కక్కుతూ నిలబడి ఉంది. బండి మీద గడ్డి చాపల మూటలు. పక్కన సదగోరో. పడమటి రేవులో పెద్ద వలల ఇంటికి పెత్తనం చేసే ముసలాయన.

తాడు అల్లే ఆడవాళ్లందరికీ పెద్దది మాత్సు. ఆమె నోరు ఊరుకోదు.

"ఏం మావా, బెండ్లు తీసుకుపోతావనుకుంటే తెచ్చిపెట్టావు? పోయినవి పిల్లలు పెట్టాయా?"

"పెట్టాయి. తెల్లగా పుట్టాయి" అన్నాడు సదగోరో. నవ్వలేదు.

ఒక మూట విప్పి తాడుతో పాటు బెండును పైకెత్తి పట్టుకున్నాడు. ఆకుపచ్చగా, అవతలి మనిషి కనిపించేట్టు ఉండాల్సిన గాజు. ఉడికిన చేప కన్నులా ఉంది. గోరుతో గీరితే పొర పొడిపొడిగా రాలింది.

"కాలిపోయాయి" అన్నాడు.

గాజు మీద తెల్ల పొర కమ్మితే కాలిందనడం ఒటారులో గాజు బట్టీల వాళ్లకీ, వలల వాళ్లకీ అలవాటు. ఆ మాట ఎక్కడిదో ఎవరూ అడగలేదు. తాతల నాటి మాట.

యజమాని ఇవాసే కిటికీలోంచి చూసి చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వచ్చాడు. తండ్రి పోయాక బట్టీ చేతికొచ్చిన మనిషి. అంతకు ముందు సారా దుకాణంలో లెక్కలు చూసేవాడు. బెండును అటూ ఇటూ తిప్పాడు. బొటనవేలితో నొక్కాడు. సన్నని బీట పారింది.

"ఎన్నాళ్లు వాడారు?"

"రెండు వసంతాలు" అన్నాడు సదగోరో. "రెండు వసంతాలకే ఇట్లా అయితే మా వల ఎట్లా తేలుతుందయ్యా? ఇదే రేవులో మా తాత కట్టిన బెండ్లు ఇంకా తేలుతున్నాయి. మార్చి ఇవ్వండి. అంతకంటే నేను మాట్లాడను."

ఇవాసే ఆడవాళ్ల వైపు చూశాడు. తర్వాత బట్టీ వైపు చూశాడు.

"కాలిందంటే నిప్పు ఎక్కువైందనే గదా. తోకుజిని పిలవండి."

ఇసో చేతిలో తాడు అప్పుడు ఆగింది.

తోకుజి ఆమె మొగుడు. నిప్పు మనిషి. బట్టీకి బొగ్గు వేసేదీ, ఊదిన బెండ్లు మెల్లగా చల్లారే పొయ్యికి వేడి చూసేదీ అతనే. కనుబొమలు ఎప్పుడో కాలిపోయి మళ్లీ మొలవలేదు. మెడలో తువ్వాలుతో బయటికి వచ్చి, బెండు అందుకుని, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏమంటావు?" అన్నాడు ఇవాసే.

"ఆ చలికాలం వచ్చింది దుమ్ము బొగ్గు. వేడి నిలవలేదు. ఎక్కువెక్కువ వేశాను."

"అంటే నీదే."

"కావచ్చు."

ఇసో లేచి నిలబడింది. ఒళ్లో బెండు దొర్లి మంచులో పడింది. 'కావచ్చు' ఏమిటి. ఇరవై ఏళ్లుగా కంటితో చూసి ఇంత వేడి, ఇంత చాలదు అని చెప్పే మనిషి 'కావచ్చు' అంటాడా.

ఇవాసేకు కోపం కూడా రాలేదు. నీళ్లు నమిలాడు. "శనివారం దాకా చెయ్యి. ఆదివారం నుంచి ఇంకొకణ్ణి చూసుకుంటాను. ఇల్లు... కొత్తగా వచ్చేవాడికి ఇల్లు కావాలి గదా."

తోకుజి తల వంచి లోపలికి పోయాడు. నిప్పు అతని కోసం ఆగదు. పార బొగ్గులో దిగిన చప్పుడు వినిపించింది.

సాయంత్రం ఇంట్లో బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి. తోకుజి గోడకు ఆనుకుని కాళ్లు చాచి కూర్చున్నాడు. బట్టీ నుంచి వచ్చాక కాసేపు అతనికి చూపు సరిగా ఆనదు. కళ్లు మూసుకుంటాడు.

"నువ్వే కాల్చావా?" అంది ఇసో.

"నిప్పు నాదే గదా."

"నేనడిగింది అది కాదు."

"తెలియదు ఇసో. తెలిస్తే బాగుండును." కళ్లు తెరవలేదు. "తప్పు చేసినట్టు గుర్తు లేదు. చెయ్యలేదని చెప్పడానికీ గుర్తు లేదు. దగ్గుతో ఆ చలికాలం ఎట్లా గడిచిందో నాకు తెలుసా?"

ఆమె దుంప తొక్క ఒలుస్తూ ఉండిపోయింది.

"కొండల్లో గనికి మనుషుల్ని తీసుకుంటున్నారు" అన్నాడు. "స్టేషను దగ్గర పిలుస్తున్నారు. ఆదివారం రైలుకు పోతారంట. ఇల్లు కూడా ఇస్తారు."

"నీ దగ్గు చూశారా వాళ్లు?"

"దగ్గు చూడరు. భుజాలు చూస్తారు."

ఇసో చేతిలో దుంప నలిగిపోయింది. ఆమె అన్న ఆ కొండల్లోనే గనిలో పోయాడు. ఇంటికి తెచ్చినప్పుడు చాప విప్పనివ్వలేదు. అమ్మ చాప మీద నుంచే తడిమి, ఇది తల, ఇవి కాళ్లు అని చెప్పుకుంది.

"నువ్వు గనిలో దిగితే నేను ఈ ఊళ్లోనే ఉంటాను" అంది. "నీ వెంట రాను. చాప తెచ్చినప్పుడు చూడను."

"సరే."

"సరే అనకు."

అతను తిన్నాడు. పడుకున్నాడు. పడుకున్నాక దగ్గు మొదలైంది. ఆమె గోడ వైపు తిరిగి దగ్గు మధ్య ఊపిరి ఎంతసేపు ఆగుతుందో వింటూ పడుకుంది.

మర్నాడు కాలిన బెండ్ల తాళ్లు కోసి గాజు పగలగొట్టమన్నారు. మళ్లీ కరిగించడానికి. మాత్సు, ఇసో కూర్చున్నారు. కొడవలి మొనతో తాడు తెంపడం, బెండును తట్టలోకి తొయ్యడం.

నాలుగోదో అయిదోదో తెంపబోయి ఇసో ఆగింది. ముడి ఎడమకు తిరిగి ఉంది. ఆ వాకిట్లో ఎడమ చెయ్యి వాటం ఆమె ఒక్కతిదే. పెళ్లయి వచ్చిన కొత్తలో ఈ ముడి చూసి అందరూ నవ్వేవాళ్లు.

"నావి" అంది.

"నీవే. నాకు మొదటే తెలుసు" అంది మాత్సు. "ముడి తిక్క, మనిషి తిక్క."

ఇసో బెండును ముక్కు దగ్గర పెట్టుకుంది. గడ్డి వాసన. బూజు వాసన. తాడు ఇంకా పసుపుగానే ఉంది. వేలితో గాజు మీద రాసింది. సబ్బు ముట్టినట్టు జారింది. ఆ వేలు నాలిక మీద పెట్టుకుంటే చేదుగా, చుర్రుమంది.

"ఏం చేస్తున్నావే? పిచ్చి పట్టిందా?"

"పిన్నీ, గాజు నిప్పు లేకుండా కాలుతుందా?"

మాత్సు కొడవలి ఆపలేదు. "కాలదేం. నా పెళ్లికి మా అత్త కిటికీ అద్దాలు తెప్పించింది. ఓడలో తడి గడ్డిలో కట్టి పంపారు. విప్పేసరికి ఒక్కదాంట్లోంచీ ఏమీ కనపడలేదు. అద్దానికీ అద్దానికీ మధ్య తడి నిలిచి కాల్చేసిందన్నారు. మా అత్త నన్ను చూసి కాలిందంది. అది వేరే సంగతి."

నవ్వింది. సగంలో నవ్వు ఆగిపోయింది. తన పక్కనున్న నీళ్ల తొట్టి వైపు చూసింది. తొట్టిలో గడ్డి తాడు నానుతోంది. ఎండు తాడు చేతిని కోస్తుంది, ఎండు తాడుతో పని సాగదు. ఆ వాకిట్లో ఆడవాళ్లందరూ తడి తాడుతోనే కడతారు. కట్టినవి కట్టినట్టు గడ్డి చాపల్లో మూట కడతారు.

"ఇసో" అంది మాత్సు, గొంతు తగ్గించి. "నోరు మూసుకో."

"నా మొగుణ్ణి..."

"నీ మొగుడు ఒక్కడు. తడి తాడంటే మనందరం. ఈ నీళ్ల తొట్టి మీద ఎంతమంది పొయ్యి వెలుగుతుందో నీకు తెలుసు. నోరు మూసుకో."

ఇసో తాళ్లు తెంపుతూనే ఉంది. తన చేతులతోనే కాల్చింది. మొగుడి నిప్పు కాదు, తన తొట్టిలో నీళ్లు. అయినా ఎక్కడో లెక్క కుదరడం లేదు. ప్రతి ఏడూ తడి తాడే. ప్రతి ఏడూ గడ్డి చాపే. మరి ప్రతి ఏడూ కాలలేదే.

చేతిలో తాడును మళ్లీ చూసింది. వేళ్ల మధ్య నలిపింది. రెండు వసంతాలు సముద్రంలో ఉన్న తాడు నల్లబడుతుంది. పాకుడు పడుతుంది. చేప పొలుసు ఇరుక్కుని ఎంత దులిపినా పోదు. ఉప్పు వాసన వస్తుంది. ఇది పోయిన వారం కట్టిన తాడులా ఉంది.

ఇంకొకటి తీసింది. ఇంకొకటి. అన్నీ పసుపే.

"పిన్నీ, ఇవి సముద్రంలోకి దిగలేదు."

మాత్సు ఈసారి కొడవలి కింద పెట్టింది. తాడు అందుకుని వాసన చూసింది. సముద్రంలో తేలుతుంటే గాజు మీద ఊరే ఆ సబ్బులాంటి జారుడును అలలు ఎప్పటికప్పుడు కడిగేస్తాయి. తాతల నాటి బెండ్లు అందుకే తేటగా ఉన్నాయి. కొట్టంలో, చాపలో, తడి కదలకుండా కూర్చుంటే కూర్చున్నచోటే కొరుక్కు తింటుంది. బెండ్లు సముద్రంలోకి దిగలేదంటే వల దిగలేదు. వల దిగలేదంటే...

"ఆ మాట నువ్వు అనకు" అంది మాత్సు. "ఎవరూ అనరు ఆ మాట."

ఆ ఒడ్డున రేవులన్నిటినీ బతికించే నిషిన్ చేప వసంతంలో గుంపులుగా వస్తుంది. వచ్చినప్పుడు సముద్రం పాలలా తెల్లబడుతుంది. రాకపోతే రాలేదని ఎవరూ అనరు. ఆలస్యమైందంటారు. జూన్ వచ్చినా, ఆలస్యమైందనే అంటారు. రాలేదన్న నోటికి ఇక ఎప్పటికీ రాదని భయం. పోయిన ఏడు ఆలస్యమైందని ఒటారులో అందరూ విన్నారు. అంతకు ముందు ఏడూ విన్నారు.

శుక్రవారం ఇసో పనికి పోకుండా పడమటి రేవుకు పోయింది. రైలు దిగి, కరిగే మంచులో నడిచింది. తాడుతో ఉన్న బెండు ఒకటి గుడ్డలో కట్టి వీపుకు వేసుకుంది.

పెద్ద వలల ఇల్లు దూరం నుంచే కనిపించింది. వసంతంలో ఆ ఇంట్లో కూలివాళ్లు పడుకోడానికి చోటు చాలేది కాదు. ఇప్పుడు వాకిట్లో చేపలు ఉడికించే ఇనప గంగాళాలు బోర్లించి ఉన్నాయి. వాటి అంచుల మీద తుప్పు. కొట్టం తలుపు తీసి ఉంది. లోపల వలలు దూలాల నుంచి వేలాడుతున్నాయి, ఎండి, కదలకుండా.

సదగోరో పొయ్యి పక్కన ఒక్కడే కూర్చుని పగ్గం పేనుతున్నాడు. ఆమెను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఒటారు అమ్మాయివి గదా. కూర్చో. దుంపలున్నాయి."

ఆమె తినలేదు. గుడ్డ విప్పి బెండును అతని ముందు పెట్టింది.

"మావయ్యా, ఈ ముడి నాది. ఎడమ చేతి ముడి. తడి తాడుతో కట్టాను. చాపలో చుట్టి మీకు పంపాను. ఆ చాప మీరు విప్పలేదు."

అతను పగ్గం పేనుతూనే ఉన్నాడు.

"నా మొగుడు ఆదివారం గనికి పోతున్నాడు" అంది ఆమె. "అతని నిప్పు కాల్చిందనుకుంటున్నాడు. దగ్గే మనిషి. దిగితే మళ్లీ పైకి రాడు."

"పాపం" అన్నాడు సదగోరో. నిజంగానే అన్నాడు. "చేప ఈ ఏడు కాస్త ఆలస్యమైంది అమ్మాయ్. వచ్చే వారం వస్తే వలకు బెండ్లు ఉండవు. అందుకే మార్చమన్నాను."

"వస్తుందా?"

అతని చేతులు ఆగాయి. పేనిన పగ్గం కొంచెం విచ్చుకుంది.

"నేను ఇక్కడికి పిల్లవాడిగా వచ్చాను. గంగాళం కింద మంట పెట్టే పని. ఈ ఇంటి నుంచి ఎక్కడికీ పోలేదు. ప్రతి వసంతం కూలివాళ్లకి కబురు పెట్టేది నేనే. ఈ ఏడూ పెట్టాను. సముద్రం దాటి వచ్చారు, వారం కూర్చున్నారు, పోయారు. పోతూ ఒకడు అడిగాడు, ఏం పెద్దాయనా, ఇంకా ఆలస్యమేనా అని. నవ్వాడు." దుంపను ఆమె వైపు జరిపాడు. "ఆ మాట నేనంటే ఈ ఇల్లు ఏమవుతుందో నీకేం తెలుసు?"

"నాకు తెలియదు. నాకు నా ఇల్లు తెలుసు." ఆమె దుంపను వెనక్కి జరిపింది. "నేను కట్టింది తడి తాడని నేను చెబుతాను. పనిలోంచి తీసేస్తే తీసెయ్యనీ. నా వంతు నేను చెబుతాను. మీ వంతు మీరు చెప్పండి. బతిమాలుతున్నాను."

చేతులు నేల మీద ఆనించి, నుదురు ఆనించింది. అతను లేవమనలేదు. చెబుతాననలేదు. పొయ్యిలో ఒక కట్టె జరిపాడు. కాసేపటికి ఆమే లేచి బెండును గుడ్డలో కట్టుకుంది. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అన్నాడు.

"దుంప తీసుకుపో. దారిలో తిను."

తీసుకుంది. తినలేదు.

శనివారం పొద్దున మార్చిన బెండ్ల కోసం సదగోరో బండి వచ్చింది. ఇవాసే ఎక్కించమన్నాడు. కుర్రాళ్లు మూటలు మోస్తున్నారు. బట్టీలో తోకుజి ఆఖరి రోజు పని చేస్తున్నాడు. పార చప్పుడు ఎప్పటిలాగే ఉంది.

ఇసో లేచింది. మాత్సు ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. ఇసో చెయ్యి విడిపించుకుని ఇవాసే ముందు నిలబడింది.

"అయ్యా, ఆ బెండ్లు నిప్పుకు కాలలేదు. తడి తాడుతో కట్టి తడి చాపలో చుట్టాను. ఆ తడి కాల్చింది. తప్పు నాది."

వాకిట్లో ఆడవాళ్ల చేతులన్నీ ఆగాయి. ఇవాసే ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"మొగుడి కోసం వచ్చావు. బాగానే ఉంది. కానీ నా బట్టీలో మా నాన్న రోజుల నుంచీ తడి తాడే. అప్పుడెప్పుడూ కాలలేదేం?"

ఇసో నోరు తెరిచింది. జవాబు ఆమె దగ్గర ఉంది. కానీ అది ఆమె చెప్పే మాట కాదు. ఆమె చెబితే మొగుడి కోసం అల్లిన అబద్ధమవుతుంది. సదగోరో వైపు చూడకూడదనుకుంది. చూసింది.

ముసలాయన గుర్రం మెడ మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు.

"చెప్పు" అన్నాడు ఇవాసే. "అప్పుడెందుకు కాలలేదు?"

"అప్పుడు సముద్రంలోకి దించేవాళ్లం" అన్నాడు సదగోరో.

ఇవాసేకు వెంటనే అర్థం కాలేదు. "దించేవాళ్లం అంటే?"

"ఈ బెండ్లు దించలేదయ్యా. కొట్టంలోనే ఉన్నాయి. మూట విప్పలేదు. రెండు వసంతాలు." గుర్రం మెడ మీద జూలు సవరించాడు. ఒక వెంట్రుక, ఇంకొకటి. "చేప రాలేదు."

మాత్సు చేత్తో నోరు కప్పుకుంది. బండి ఎక్కిస్తున్న కుర్రాడు మూట భుజం మీదే ఉంచుకుని నిలబడిపోయాడు. ఆ మాట వాకిట్లో పడింది. ఎత్తడానికి ఎవరూ వంగలేదు.

"పోయిన ఏడూ?" అన్నాడు ఇవాసే.

"పోయిన ఏడూ."

"ఈ ఏడు?"

"చేప వెంట వచ్చే తెల్ల పిట్టలు లేవు. నీళ్ల రంగు మారలేదు. రాదు."

"మిగతా రేవులు? ఉత్తరం వైపు?"

"అందరివీ కొట్టాల్లోనే ఉన్నాయి. ఎవరూ చెప్పరు. నేనూ చెప్పేవాణ్ణి కాదు." ఇసో వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఏమీ లేదు. "అమ్మాయి నేల మీద నుదురు పెట్టింది. పెట్టి లేచింది. నేను రాత్రంతా చూరు చూస్తూ పడుకున్నాను."

ఇవాసే వెనక్కి తిరిగి చూశాడు. వాకిలి గోడ వెంట, చూరు కింద, కొట్టాల్లో, కట్టిన బెండ్లు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. ఒడ్డు పొడవునా ప్రతి రేవుకూ పోవాల్సినవి. నిన్నటి దాకా సరుకు, ఇక కొనేవాళ్లు లేరు. అతను వాటి వైపు చూస్తూ నిలబడ్డాడు. ముఖం ఒక్కసారిగా వాళ్ల నాన్న ముఖంలా అయింది. తర్వాత బట్టీ తలుపు దాకా నడిచాడు.

"తోకుజీ."

పార చప్పుడు ఆగింది. తోకుజి బయటికి వచ్చాడు. వాకిట్లో నిలబడ్డ వాళ్లందరినీ చూసి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"నీ తప్పు లేదు" అన్నాడు ఇవాసే. "అందరి ముందూ చెబుతున్నాను. నీ నిప్పు బాగానే ఉంది. నన్ను మన్నించు."

తల వంచాడు. యజమాని కూలివాడికి తల వంచడం ఆ వాకిట్లో ఎవరూ చూడలేదు. తోకుజికి ఏం చెయ్యాలో తెలియలేదు. తనూ వంచాడు. ఇసో రెండు చేతులతో నోరు మూసుకుంది. నాలుగు రోజులుగా ఆమె అడిగింది అదే. దొరికింది.

ఇవాసే తల ఎత్తాడు.

"బొగ్గు వెయ్యకు. నిప్పు దించెయ్."

"మరమ్మతుకా అయ్యా?"

"కాదు."

తోకుజి నిప్పు మనిషి అడగాల్సిందే అడిగాడు. "కుండలో గాజు ఉంది. అట్లాగే గడ్డకడితే కుండ పగులుతుంది."

"తోడి పారబొయ్యి."

సదగోరో బండి ఎక్కిన మూటలు తనే దించడం మొదలుపెట్టాడు. ఎవరూ వద్దనలేదు. ఒక్కొక్కటీ జాగ్రత్తగా మంచు మీద పెట్టాడు, పగిలితే ఎవరికో నష్టమన్నట్టు. ఖాళీ బండి తోలుకుని పోయాడు.

ఆడవాళ్లు తాళ్లు చుట్టుకున్నారు. తొట్టిలో నీళ్లు మాత్సు ఒంపేసింది. ఇసో సాయం పట్టబోతే, "నేను ఒంపుకోగలను" అంది. ఇంకేమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఇసోకు. పోతూ పోతూ ఒకామె మాత్రం, "నీ మొగుడి పేరు నిలబడిందిలే" అంది. అందులో ఎత్తిపొడుపు ఎంతో, నిజం ఎంతో తెలియలేదు.

ఊదేవాళ్లు గొట్టాలు గోడకు ఆనించి ఇళ్లకు పోయాక లోపల తోకుజి ఒక్కడే మిగిలాడు. పొడుగు గరిటెతో కుండలోంచి గాజు తోడి ఇసక గుంటలో పోస్తున్నాడు. ఎర్రగా సాగి, పడి, నల్లబడేది. ఇసో గుమ్మంలో నిలబడి చూసింది. అతను తొందరపడలేదు. రోజూ నిప్పు నిలబెట్టినంత శ్రద్ధగా దాన్ని చంపుతున్నాడు. ముందు మూత సగం మూశాడు. తర్వాత గాలి దారి మూశాడు. తర్వాత మిగతా సగం.

బయట మళ్లీ మంచు మొదలైంది. మార్చి చివరి మంచు, పెద్ద పెద్ద తడి రేకులు.

పొద్దుగూకే వేళకు అతను బయటికి వచ్చాడు. పార గోడకు ఆనించాడు. ఇద్దరూ తల ఎత్తి చూశారు. బట్టీ కప్పు మీద మంచు తెల్లగా నిలిచింది. చుట్టుపక్కల ఇళ్ల కప్పులన్నీ ఎంత తెల్లగా ఉంటే ఇదీ అంతే. ఎన్నడూ నిప్పు ఆరని ఆ కప్పు మీద మంచు నిలవడం వాళ్లిద్దరూ ఎప్పుడూ చూసి ఎరగరు.

"నేనే చేశాను" అంది ఇసో.

"చేప రాకపోవడం నువ్వు చేశావా?"

"ఇంకో నెల నడిచేది. ఇంకో నెల ఎవరూ అనకుండా ఉంటే."

తోకుజి దగ్గాడు. దగ్గు ఆగేదాకా ఆమె అతని వీపు మీద చెయ్యి పెట్టి ఉంచింది.

"గని దగ్గర అడుగుతారంట" అన్నాడు, ఊపిరి అందాక. "పాత పని ఎందుకు మానావు, తీసేశారా, మూసేశారా అని. తీసేశారంటే లోపలి సొరంగానికి పంపుతారంట."

ఆమె భుజాల మీద మంచు దులుపుకుంది.

"మూసేశారని చెప్పొచ్చు ఇప్పుడు" అన్నాడు.

ఇసో చాలాసేపు కప్పు వైపే చూస్తూ ఉంది.

"రైలు ఎన్నింటికి?" అంది.

"పొద్దున్నే."

"దుప్పట్లు ఇప్పుడే కట్టేస్తాను. నీదీ నాదీ, రెండూ."